ప్రీలాంచ్‌లో 33 లక్షల తగ్గింపు: ఒక ఫైలు మొదటినుంచీ

నేను ఆస్తి కాగితాలు చూసే లాయర్ని. ఈ ఫైలు 2023 వేసవిలో నా దగ్గరికి వచ్చింది. భర్త గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భార్య ప్రభుత్వ పాఠశాలలో టీచరు, ఇద్దరు పిల్లలు. నల్లగండ్లలో నెలకు 28 వేల అద్దె కడుతున్నారు. సంగారెడ్డి జిల్లాలో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఆరెకరాల్లో రాబోయే గేటెడ్ కమ్యూనిటీలో ప్రీలాంచ్‌లో, అంటే అనుమతులేవీ రాకముందే, ఫ్లాటు తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ప్రశ్న. అప్పటికి అక్కడున్నవి ఒక ఆర్చి, రేకుల షెడ్డులో సైట్ ఆఫీసు, ఆ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టిన నాలుగు టవర్ల నమూనా. అంతే. వాళ్ల అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేర్లు, సర్వే నంబర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇందులో బిల్డరు మోసగాడు కాదు. అంతకుముందు రెండు అపార్ట్‌మెంట్లు కట్టి, కాస్త ఆలస్యంగానైనా అప్పగించినవాడే. మోసాల సంగతి పేపర్లో అందరం చదువుతూనే ఉన్నాం. అమీన్‌పూర్ ప్రీలాంచ్ వ్యవహారంలో 2022 డిసెంబరులో సంస్థ అధిపతి అరెస్టయ్యాక మా ఆఫీసుకు వచ్చే ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "మా బిల్డరు అలాంటివాడు కాదు కదా మేడమ్?" ఆ ప్రశ్నతో పని మొదలుపెడితే దారి తప్పినట్టే. బిల్డరు మంచివాడే అనుకున్నా, ఈ రోజు డబ్బు కట్టి బయటికొస్తే నా చేతిలో ఉండే కాగితం ఏమిటి, ఆ కాగితంతో రేపు నేనేం అడగగలను అన్నది చూడాలి. ఈ ఫైల్లో నేను చేసిందల్లా అదే.

ఆఫర్

'సి' బ్లాకు, 14వ అంతస్తు, తూర్పు ముఖం, 1,650 చదరపు అడుగులు. 45 రోజుల్లో మొత్తం కట్టేస్తే అడుగు 4,200. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు వచ్చాక అడుగు 6,200 అవుతుందన్నారు. అంటే ఇప్పుడైతే 69.30 లక్షలు, అప్పుడైతే కోటీ 2 లక్షల 30 వేలు. తేడా 33 లక్షలు. ఆ ఇంట్లో అందరి నోటా ఈ 33 లక్షల మాటే.

డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారని అడిగాను. భార్య తండ్రి సింగరేణిలో చేసి రిటైరై కొత్తగూడెంలో ఉంటున్నారు. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి 25 లక్షలు ఇస్తానన్నారు. దంపతుల దగ్గర 20 లక్షలున్నాయి. మిగతా 24 లక్షలకు 12 శాతం వడ్డీతో పర్సనల్ లోన్. హోంలోన్ ఎందుకు కాదంటే, పర్మిషన్ లేని ప్రాజెక్టుకు బ్యాంకు ఇవ్వదు. ఆ మాట వినగానే మామగారు అన్నారు: "బ్యాంకువాళ్లే ఇవ్వనంటున్నారంటే ఏదో ఉన్నట్టే కదమ్మా." నేను లీగల్ ఒపీనియన్‌లో నాలుగు పేజీల్లో రాయబోయేది ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారు. బ్యాంకు తన డబ్బుకు తాకట్టు చూసుకుంటుంది. తాకట్టు పెట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదని దాని లెక్క.

అల్లుడి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఆయన సహోద్యోగి ఒకాయన తెల్లాపూర్ వైపు ఇలాగే ప్రీలాంచ్‌లో కొని, ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నారు. రేటు రెట్టింపయింది. అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆయన ఏ కాగితం మీద కొన్నారో, ఆ స్థలం పట్టా ఎలా ఉందో మనకు తెలియదు. ఒకరికి కలిసొచ్చిందన్న మాట ఇంకొకరి డాక్యుమెంట్ల గురించి ఏమీ చెప్పదు.

స్థలం కాగితాలు

అడగ్గా అడగ్గా జిరాక్సుల కట్ట ఒకటి ఇచ్చారు. ఆరెకరాలని బ్రోచరులో ఉంది. భూయజమానులతో రిజిస్టరైన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (కట్టడానికీ అమ్మడానికీ బిల్డరుకు అధికారమిచ్చే ఒప్పందం) ఉన్నది 4 ఎకరాల 10 గుంటలకే. మిగతా ఎకరా 30 గుంటలకు ఉన్నది రిజిస్టర్ కాని అగ్రిమెంట్ ఆఫ్ సేల్. నమూనాలో 'డి' బ్లాకు, క్లబ్‌హౌస్ ఉన్నది సరిగ్గా ఆ భాగంలోనే. ఆ రైతు రేపు ధర పెంచమన్నా, ఇంకొకరికి అమ్మినా, మిగతా మూడు బ్లాకుల ప్లాను కూడా మళ్లీ గీయాల్సిందే.

4 ఎకరాల 10 గుంటల సంగతికొస్తే, 1954-55 కాస్రా పహాణీలో, అంటే పాత రెవెన్యూ రికార్డులో, భూయజమానుల తాత పేరుంది. అక్కణ్నుంచి పహాణీలు వరుసగా కలిశాయి. నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, అయింది. ఈసీలో (ఆస్తి మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) తాకట్టు ఏమీ లేదు. నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదు. ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమి కాదు, ఇనాం భూమి కాదు. ఇంతవరకూ శుభ్రంగా ఉంది. చిక్కు వచ్చింది వంశవృక్షం దగ్గర. తాతకు ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద సంతకాలు నాలుగే. పెళ్లయి భీవండిలో స్థిరపడిన చిన్నకూతురి సంతకం లేదు.

మార్కెటింగ్ అబ్బాయిని అడిగితే, "ఆమెకి పెళ్లప్పుడే ఇచ్చేశారు మేడమ్" అన్నాడు. ఈ జవాబు నేను వినని నెల ఉండదు. పెళ్లికి ఇచ్చింది పెళ్లికి ఇచ్చింది. భూమిలో హక్కు వదులుకుంటే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఉండాలి. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో కూతురికీ కొడుకుతో పాటు వాటా అన్నది 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. పిత్రార్జితమైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో సవరణ వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్న తగాదాను కూడా 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి బతికుండాల్సిన పని లేదని చెప్పింది. హైదరాబాద్ చుట్టుపక్కల గజం ధర పెరిగిన ప్రతి ఊళ్లోనూ ఇప్పుడు భాగ పంపకాల దావాలు నడుస్తున్నది ఇలాంటి ఒక్క సంతకం లేకే. ఆమె రేపు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంటే బిల్డరు ఎంత నిజాయితీపరుడైనా క్రేన్ ఆగిపోతుంది.

కల్వర్టు

ఫైలుతో పాటు స్థలం కూడా చూడాలన్నది నా అలవాటు. ఆదివారం పొద్దున దంపతులతో కలిసి వెళ్లాను. గ్రామ నక్షా వెంట తీసుకెళ్లాను. నక్షాలో స్థలానికి తూర్పు అంచున వాగు గీత ఉంది. నేల మీద వాగు లేదు. మట్టి పోసి చదును చేశారు, రంగు జెండాలు పాతారు. కానీ కాస్త కిందికి నడిస్తే జమ్ము మొలిచి ఉంది, తుమ్మచెట్లు వరుసగా ఒకే దారిలో ఉన్నాయి. ఆ వరుస పట్టుకుని రోడ్డుదాకా వస్తే రోడ్డు కింద కల్వర్టు కనిపించింది. రెండు సిమెంటు గొట్టాలు. ఒకదాంట్లో సగందాకా మేట వేసింది, రెండోదాని అంచుకు కిందటి వానలకు కొట్టుకొచ్చిన గుడ్డపేలికలు చుట్టుకుని ఉన్నాయి. నీళ్లు రాని చోట రోడ్లు భవనాల శాఖ కల్వర్టు కట్టదు. పక్క పొలంలో గేదెలు మేపుతున్న పెద్దాయన్ని టీచరుగారే అడిగారు. "వాన గట్టిగ పడితె ఇటే వస్తది బిడ్డా, చెరువుల కలుస్తది" అన్నాడు.

2012 నాటి జీవో 168 ప్రకారం వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు మించితే హద్దు నుంచి 9 మీటర్లు, అంతలోపైతే 2 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి. ఈ వాగు వెడల్పు ఎంతో తేల్చాల్సింది నీటిపారుదల శాఖ. ఆ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రానికి (ఎన్‌ఓసీ) అప్పటికి దరఖాస్తే పెట్టలేదు. తూర్పు అంచున నిలబడబోయేది 'సి' బ్లాకు. మా క్లయింట్లు 69 లక్షలు పెట్టి కొనబోతున్న 14వ అంతస్తు ఫ్లాటు అందులోదే.

ఎంఓయూలో ఉన్నదీ లేనిదీ

డబ్బు తీసుకుని ఇచ్చేది ఆరు పేజీల ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, నోటరీ. కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే జాగా) ఎంతో లేదు, 1,650 అని సూపర్ బిల్టప్ (ఉమ్మడి జాగా కూడా కలిపింది) మాత్రమే ఉంది. అప్పగింత "అన్ని అనుమతులు వచ్చిన తేదీ నుంచి 42 నెలల్లో, అదనంగా 6 నెలల గ్రేస్‌తో" అని రాశారు. అనుమతులు ఎప్పుడొస్తాయో తేదీ లేదు కాబట్టి 42 నెలలకు మొదలే లేదు. ప్లాన్‌లో ఏ మార్పుకైనా కొనేవాళ్లు ముందే ఒప్పుకున్నట్టు ఒక క్లాజు. 18 నెలల్లో పర్మిషన్ రాకపోతే అసలుతో పాటు నెలకు ఒక శాతం ఇస్తామని ఇంకో క్లాజు. దానికి భరోసాగా రాబోయే తేదీలు వేసిన చెక్కులు. చెక్కు బౌన్సయితే 138వ సెక్షన్ కింద కేసు వేయొచ్చు, నిజమే. కానీ కేసు గెలిచినా అవతలివాడి ఖాతాలో డబ్బుండాలి.

వీటన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది నోటిమాటగా అడిగిన విషయం: అందులో 40 శాతం నగదుగా ఇమ్మన్నారు. ఆస్తి అడ్వాన్సు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 269ఎస్‌ఎస్ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ఆ సంగతి అటుంచినా, రిఫండ్ అడిగే రోజు వస్తే ఆ 27 లక్షలూ ఇచ్చినట్టు ఎవరూ ఒప్పుకోరు. జీవితకాలం భూమి లోపల పనిచేసి దాచుకున్న మనిషి డబ్బు అది. రసీదు లేకుండా ఇమ్మని అడగడానికి నోరెలా వచ్చిందో నాకర్థం కాదు.

బేరం బిగుసుకునేసరికి ఇంకో మెట్టు దిగారు. కావాలంటే యూడీఎస్ రిజిస్టర్ చేసిస్తామన్నారు. అంటే భూమిలో విభజన కాని వాటా. ఆరెకరాలంటే 29,040 గజాలు, 500 ఫ్లాట్లనుకుంటే తలా 58 గజాలు. పేరు మీద రిజిస్టర్డ్ డాక్యుమెంటు వస్తోంది కదా అని అల్లుడు కాస్త మెత్తబడ్డారు. ఆ 58 గజాలు ఎక్కడున్నాయో ఎవరూ చూపలేరు, దాని మీద గది కూడా వేసుకోలేరు, వందలమంది సహ యజమానుల మధ్య అమ్ముకోలేరు. పైగా ఫ్లాట్ల సంఖ్యే ఖరారు కానప్పుడు 58 అన్న అంకె ఎలా వచ్చింది? సంతకం పెట్టని చిన్నకూతురి వాటా మీద కూడా ఈ 58 గజాల్లో కొంత కూర్చుని ఉంటుంది.

రెరా చట్టం 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కడితే, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అతిక్రమిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా అని అందరూ చెబుతారు. ఆ జరిమానా ప్రభుత్వానికి పోతుంది, కొన్నవాళ్లకు దాంతో ఒరిగేదేమీ లేదు. వాళ్లకు అక్కరకొచ్చేవి వేరే ఉన్నాయి. వసూలు చేసిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి, ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫై చేసిన పని మేరకే అందులోంచి తీయాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. ఆమోదించిన ప్లాను మార్చాలంటే మూడింట రెండు వంతుల మంది కొనుగోలుదారులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆలస్యమైతే, ఉండాలనుకుంటే నెలనెలా వడ్డీ, వద్దనుకుంటే వడ్డీతో సహా వాపసు. రెరా నంబరు లేని ప్రాజెక్టు మీద ఫిర్యాదు తీసుకోరని కాదు, తీసుకుంటారు, ఆర్డరూ ఇస్తారు. ఆ ఆర్డరు వసూలు కావడానికి 70 శాతం ఖాతా అనేది అసలు పుట్టి ఉండదు, అదీ బాధ.

33 లక్షల లెక్క

చట్టం చెబితే అల్లుడు తలూపారు గానీ ముఖంలో 33 లక్షలే ఉన్నాయి. అందుకని ఆయన ల్యాప్‌టాప్‌లోనే ఎక్సెల్ తెరిపించి లెక్క వేయించాను. నిజానికి ఈ పని లాయరుది కాదు. కానీ ఈ లెక్క వేయకుండా ప్రీలాంచ్ మీద ఇచ్చే ఏ సలహా అయినా సగమే.

ఈ రోజు కట్టే 69.30 లక్షలకు ఏడాదికి 8 శాతం చొప్పున ఐదేళ్లకు వడ్డీ కట్టుకుంటే సుమారు కోటీ 2 లక్షలవుతుంది. అంటే ఒకేసారి కోటీ 2 లక్షలు కట్టి తాళాలు తీసుకునే వాడికీ వీళ్లకీ తేడా ఉండదు. "మరి రెరా తర్వాత కొన్నా ఒకేసారి కట్టం కదా, స్లాబుల వారీగా కడతాం, దానికీ వడ్డీ లెక్కేయాలి" అన్నారాయన. సరైన మాటే. వేశాం. ఏడాది తర్వాత 10 శాతం, మధ్యలో స్లాబులకు 85, చివర 5 అనుకుంటే ఐదేళ్ల చివరికి ఆ దారిలో సుమారు కోటీ 20 లక్షలు తేలింది. అంటే అసలు ఆదా 33 కాదు, ఐదో ఏడు నాటి డబ్బులో 18 లక్షల చిల్లర. ఈ రోజు విలువలో 12, 13 లక్షలు. పర్సనల్ లోన్ 12 శాతం వడ్డీ కలిపితే ఇంకా తరుగుతుంది.

ఇప్పుడు ఆలస్యం సంగతి. ఐదేళ్లు దాటాక ఒక్కో ఏడాదికి పెట్టిన డబ్బు మీద వడ్డీ 8 లక్షలు, అద్దె 3.36 లక్షలు, మొత్తం 11 లక్షల పైచిలుకు. ఏడాదిన్నర ఆలస్యమైతే ఆదా మొత్తం హరించుకుపోతుంది. సంతకం లేని వారసురాలు, ఎన్‌ఓసీ లేని వాగు, రిజిస్టర్ కాని ఎకరా 30 గుంటలు ఉన్న స్థలంలో ఏడాదిన్నర ఆలస్యం అన్నది ఎక్కువ అంచనా కాదు. 33 లక్షల తగ్గింపు పేరుతో జరుగుతున్నది ఇది: బ్యాంకు అప్పివ్వని దశలో బిల్డరు తన భూమి ఖర్చుకు ఈ కుటుంబం దగ్గర తాకట్టు లేని అప్పు తీసుకుంటున్నాడు. ఆ తగ్గింపు దానికి ముందుగా కట్టే వడ్డీ.

ఎక్సెల్ మూశాక టీచరుగారు ఒకటే అన్నారు: "నాన్న డబ్బులు దీన్లో పెట్టను."

మేం అడిగినవి, వచ్చిన జవాబు

నేను నేరుగా వద్దనలేదు. ఉత్తరం రాయించాను. చిన్నకూతురితో రాటిఫికేషన్ డీడ్ (డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌కు ఒప్పుకుంటూ రాసే పత్రం) చేయించి చూపండి, ఎకరా 30 గుంటలకు రిజిస్టర్డ్ డాక్యుమెంటు చూపండి, నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ చూపండి, రెరా నంబరు వచ్చాక 10 శాతం కట్టి అగ్రిమెంటు రిజిస్టర్ చేయించుకుంటాం, అప్పుడు అడుగు ధర 4,200కూ 6,200కూ మధ్య మాట్లాడుకుందాం. జవాబు ఫోన్లో వచ్చింది: ఇంతమంది సంతకం పెట్టారు, ఎవరూ ఇవన్నీ అడగలేదు, ఫ్లాటు రేపు ఇంకొకరికి వెళ్లిపోతుంది. వెళ్లిపోనివ్వమన్నాను. ఇంట్లో కొన్నాళ్లు అల్లుడికి మనసు మనసులో లేదు. ఆఫీసులో ఇద్దరు అదే ప్రాజెక్టులో కట్టేశారు.

2024 చివర్లో ఆ ప్రాజెక్టుకు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పర్మిషన్, రెరా నంబరు వచ్చాయి. రెరా వెబ్‌సైట్లో పెట్టిన ప్లాను ప్రింటు తీసి పాత బ్రోచరు పక్కన పెట్టి చూశాం. ఆరెకరాలు 4 ఎకరాల 10 గుంటలైంది. నాలుగు బ్లాకులు మూడయ్యాయి, అంతస్తులు పెరిగాయి. తూర్పున బఫర్ పచ్చగా గీసి ఉంది. ఆ పక్కన పార్కింగ్ ర్యాంపు వచ్చింది. బ్రోచరులోని 'సి' బ్లాకు ప్లాన్‌లో లేదు. చిన్నకూతురు రాటిఫికేషన్ డీడ్ మీద సంతకం చేసింది. ఆమెకు రెండు ఫ్లాట్లు రాసిచ్చినట్టు షేరింగ్ అగ్రిమెంట్‌లో (బిల్డరూ భూయజమానులూ ఫ్లాట్లు పంచుకునే ఒప్పందంలో) కనిపించింది. ఆ ఆడబిడ్డకు తన వాటా దక్కడం నాకు సంతోషంగా అనిపించింది.

అప్పుడు కొన్నారు. 'బి' బ్లాకులో 1,540 అడుగులు, అడుగు 6,100, మొత్తం 93.94 లక్షలు. కార్పెట్ ఏరియా అగ్రిమెంట్‌లో అంకెల్లో రాయించాం. ఆ ఫ్లాటు బిల్డరు వాటాలోదా, భూయజమానుల వాటాలోదా అని షేరింగ్ అగ్రిమెంట్ చూసి బిల్డరుదేనని తేల్చుకున్నాం. పర్మిషన్ కోసం హెచ్‌ఎండీఏకు తాకట్టు పెట్టిన 10 శాతంలో లేదని కూడా చూసుకున్నాం. చాలామంది ఈ రెండోది అడగరు. ఓసీ (కట్టడం పూర్తయి ఉండొచ్చన్న ధ్రువపత్రం) వచ్చి హెచ్‌ఎండీఏ విడుదల చేసేదాకా ఆ ఫ్లాట్లు ఇరుక్కుని ఉంటాయి. ఏకపక్షంగా ఉన్న ఆలస్యం క్లాజు మార్పించాం. మొదట కుదరదన్నారు. కొనేవాడి మీద రుద్దిన ఏకపక్ష షరతులకు అతను కట్టుబడనక్కర్లేదని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పేరాలు పంపితే వాళ్ల లాయరు దారికొచ్చాడు. 10 శాతం కట్టి అగ్రిమెంటు రిజిస్టర్ చేయించాకే బ్యాంకు హోంలోన్ మొదటి విడత విడుదల చేసింది. మామగారి 25 లక్షల్లో 10 లక్షలే వాడారు, మిగతాది ఆయన పేరు మీదే డిపాజిట్‌లో ఉంది.

ప్రీలాంచ్ ధరతో పోల్చితే అడుగుకు 1,900 ఎక్కువ పెట్టారు, 110 అడుగులు తక్కువ వచ్చింది. ఆ తేడా ఊరికే పోయిందని అల్లుడి స్నేహితులు కొందరు ఇప్పటికీ అంటారట. వాళ్లలో ఒకరు కిందటి నెల నా దగ్గరికి వచ్చారు. 'సి' బ్లాకులో కట్టినవాళ్లకు 'ఏ' బ్లాకులో పై అంతస్తులు ఇస్తామంటున్నారు, అడుగుకు 900 అదనంగా అడుగుతున్నారు. ఆయనకు యూడీఎస్ రిజిస్టరైంది. అందులో రాసిన 58 గజాలు లెక్క కట్టింది ఆరెకరాల మీద, ఇప్పుడున్నది 4 ఎకరాల 10 గుంటలు. ఆ డాక్యుమెంటు రద్దు కావాలంటే ఆయన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలి. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్న బలం ఆ ఒక్క సంతకమే. 900 అదనం లేకుండా, రెరా నమూనాలో ఉన్న అగ్రిమెంట్ ఆఫ్ సేల్ తన పేరు మీద రిజిస్టరైన రోజే, అదే కౌంటర్ దగ్గర రద్దు పత్రం మీద సంతకం పెట్టమని చెప్పాను. బిల్డరుకు నోటీసు వెళ్లింది, జవాబు రావాలి.